గిన్నె మీద పేరు

మనవాళ్లు ఎవరికైనా సన్మానం చేస్తే శాలువా కప్పుతారు, దండ వేస్తారు, చివర్లో ఒక జ్ఞాపిక చేతిలో పెట్టి ఫోటో దిగుతారు. చెక్క పలక మీద ఇత్తడి రేకో, గాజు డబ్బాలో బంగారు రంగు పూసిన సరస్వతీదేవో. ఇంటికి తెచ్చి షోకేసులో పెడతాం. కొన్నేళ్లు పోయాక పండక్కి దుమ్ము దులుపుతూ, ఇది ఎక్కడ ఇచ్చారబ్బా అని అటూ ఇటూ తిప్పి, రేకు మీద ఉన్నది చదివి తెలుసుకుంటాం. జ్ఞాపకం చెయ్యడానికే తయారైన వస్తువు, ఆ ఒక్క పనీ చెయ్యలేదు. అదే ఇంట్లో, వంటింటి అలమరలో సొట్టపోయిన గిన్నె ఒకటి బోర్లించి ఉంటుంది. దాన్ని ఎవరూ సభ పెట్టి ఇవ్వలేదు. చేతిలోకి తీసుకుంటే చాలు, పోయిన మనిషి వచ్చి పక్కన నిలబడినట్టుంటుంది.

ఈ తేడా గురించే ఈ పూట నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. మాది గన్నవరం. ఉదాహరణలు ఎక్కువగా మా చుట్టుపక్కల నుంచే వస్తాయి, ఏమీ అనుకోకండి.

ముందు మాటల సంగతి. జ్ఞాపకం, జ్ఞప్తి, తలపు, గుర్తు, ఆనవాలు. తెలంగాణకు పోతే యాది. సామల సదాశివ గారు తన పుస్తకానికి ఆ ఒక్క మాటే పేరుగా పెట్టుకున్నారు. మన గోదావరి జిల్లా శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారికి ఒక్క మాట చాలక ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ అన్నారు. అయితే ఇవన్నీ జ్ఞాపకానికి పేర్లు. జ్ఞాపకాన్ని తట్టి లేపే వస్తువుకు మన ఇళ్లలో వాడే పేరేమిటని వెతికితే సరైనది దొరకదు. ఆనవాలు ఉంది గానీ అందులో రుజువు వాసన ఎక్కువ, తప్పిపోయిన దూడకు ఆనవాళ్లు చెప్పడం లాంటిది. పేరు లేకపోతేనేం, పనులు మాత్రం బోలెడున్నాయి. కొంగున ముడి వేసుకోవడం ఉంది. సంతలో ఏదో తేవాలనుకుని ముడి వేసుకుంటారు. సగం సార్లు ముడి గుర్తుంటుంది, ఎందుకు వేశారో గుర్తుండదు. అన్నం తింటుంటే పొలమారిందనుకోండి, నడినెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారమ్మా అంటారు. ఎవరి మనసులోనో మనం మెదిలితే ఇక్కడ మన గొంతుకు అడ్డం పడుతుందన్న ఊహ, ఎవరు పుట్టించారో గానీ, గొప్ప ఊహ.

నెమరు వేసుకోవడం అనే మాట కూడా అంతే. మా గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి పిల్లల్ని అడిగితే చెబుతారు, ఆవు మేసేటప్పుడు సరిగా నమలదు, గబగబా మింగేస్తుంది. తర్వాత తీరిగ్గా పడుకుని, మింగింది మళ్లీ నోట్లోకి తెచ్చుకుని అప్పుడు నములుతుంది. మనమూ జరిగేటప్పుడు దేన్నీ పెద్దగా పట్టించుకోం. మింగేస్తాం. రుచి తెలిసేది తర్వాతే.

శాస్త్రాల్లోకి వెళితే మటుకు పేర్లకు కొదవ లేదు. న్యాయదర్శనంలో జ్ఞాపకాన్ని లేపేదాన్ని ఉద్బోధకం అన్నారు. గౌతముడి న్యాయసూత్రాలు మూడో అధ్యాయంలో ఒకే ఒక సూత్రం, జ్ఞాపకం ఏయే కారణాల వల్ల లేస్తుందో వరసపెట్టి చెబుతుంది. గ్రీకు దేశపు అరిస్టాటిల్ మూడింటితో సరిపెట్టాడు: పోలిక, వ్యతిరేకత, పక్కపక్కన ఉండటం. గౌతముడు పాతిక దాటించాడు. దానికి భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఒక్కోదానికీ ఉదాహరణ చెప్పుకుంటూ వచ్చాడు. శిష్యుణ్ణి చూస్తే గురువు గుర్తొస్తాడట. రథాన్ని చూస్తే ఆ రథం చేసినవాడు. ఒకళ్ల మీద ఒకళ్లు గెలవాలని చూసే ఇద్దరిలో ఒకణ్ణి చూస్తే రెండోవాడు. ఎవరి వల్ల మనకేదైనా ముట్టిందో, ముట్టబోతోందో, ఆ మనిషి పదే పదే గుర్తొస్తాడట. దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఒరను చూస్తే లోపలి కత్తి గుర్తొస్తుంది. ఇన్ని చెప్పి, ఇవి మచ్చుకు మాత్రమే, మొత్తం లెక్క ఇదని అనుకోవద్దు అని కూడా రాసిపెట్టాడు. అందుకు ఆయనకు నమస్కారం పెట్టాలి. ఆ లెక్కలోకి మన వంటింటి గిన్నెను కూడా చేర్చుకోవచ్చు.

గిన్నె దగ్గరికి వద్దాం. మన కృష్ణా జిల్లా ఇళ్లలో గిన్నె మీద పేరు లేకపోతే అది గిన్నె కిందికి రాదు. పెళ్లికో, గృహప్రవేశానికో, పుట్టినరోజుకో స్టీలు సామాను కొన్నాక, కొట్టు ముందు కూర్చున్న అతని దగ్గరికి తీసుకెళ్లి పేరు వేయించాలి. పాతరోజుల్లో ఉలీ చిన్న సుత్తీ పెట్టి టకటకా కొట్టేవాడు. అక్షరాలు చుక్కలు చుక్కలుగా పడేవి. వేలు పెట్టి తడిమితే గరగరలాడేవి. తర్వాత కరెంటు మిషను వచ్చింది, జుయ్ మని గీస్తుంది, గీత నున్నగా వస్తుంది, తడిమితే ఏమీ తగలదు. అక్షరానికి ఇంతని డబ్బులు తీసుకునేవాడు కాబట్టి ‘చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి’ కుంచించుకుని చి.ల.సౌ. అయ్యేది. ఇంటిపేరు ఒక్క అక్షరంలోకి దిగేది. మా ఇంట్లో ఒక గిన్నె ఉంది. దాని మీద మా మేనత్త ఇంటిపేరులో సున్న ఎగిరిపోయింది. ఆ గిన్నెలో పెరుగు తోడు పెట్టినప్పుడల్లా మా మామయ్య, చదువు రానివాడి చేత కొట్టించారర్రా అని ఇప్పటికీ విసుక్కుంటాడు. మా మేనత్త పోయి చాలా కాలమైంది. ఆ విసుగులో ఆవిడ రోజూ ఇంట్లో తిరుగుతూనే ఉంది.

ఇంతకీ ఆ పేర్లు జ్ఞాపకం కోసం వేయించినవి కావు, అసలు విశేషం అక్కడుంది. పెళ్లి వచ్చినా, తద్దినం వచ్చినా గుండిగలూ గంగాళాలూ గరిటెలూ వీధి వీధంతా పోగుచేసుకునే రోజులవి. వంటలయ్యాక అన్నీ ఒకచోట కుప్పపడతాయి. తోమినవాళ్లు ఎవరిది వాళ్లకు చేర్చాలి. దానికోసం వేయించిన పేరు అది. ఇచ్చినవాళ్ల పేరు పుచ్చుకున్నవాళ్లకు తెలిసేలా ఉండాలన్నది రెండో లెక్క. చదివింపుల పుస్తకంలో పద్దు ఒకసారి రాస్తే చాలక, గిన్నె మీద కూడా రాయడమన్నమాట. అంతా లౌక్యమే. కానీ ఆ గిన్నెలో రోజూ పప్పు వండారు, రోజూ తోమారు. చుక్కల్లో సగం అరిగిపోయాయి. ఎంత అరిగితే ఆ పేరు అంత గట్టిగా మనసును పట్టుకుంటుంది.

వస్తువు మీద పేరు చెక్కించే ఈ అలవాటు మనకు ఎప్పటిదనుకున్నారు? కృష్ణ దాటి తెనాలి మీదుగా రేపల్లె వైపు వెళితే భట్టిప్రోలు వస్తుంది. అక్కడి బౌద్ధస్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు శాఖ అధికారి తవ్వించాడు. లోపల రాతి పేటికలు దొరికాయి. వాటి మీద అక్షరాలున్నాయి. బ్రాహ్మిలోనే కాస్త వేరే వాటం రాత అది, అందుకే దాన్ని భట్టిప్రోలు లిపి అంటారు. రెండు వేల ఏళ్లు పైబడిన రాత. జర్మన్ పండితుడు బ్యూలర్ దాన్ని చదివాడు. ఒక పేటిక మీద ఉన్న సంగతి ఇది: బుద్ధుడి ధాతువులు, అంటే అస్థికలు, ఉంచడానికి ఈ పెట్టెనూ, లోపలి స్ఫటికపు భరిణెనూ చేయించినవాళ్లు కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, ఇంకా శివుడు అనే ఆయన.

తల్లిదండ్రులకు సొంత పేర్లు రాయలేదు చూశారా. కురుడి నాన్న, కురుడి అమ్మ. ఇవాళ మా ఊళ్లోనూ పిల్లలు పుట్టాక ఆడమనిషి పేరు ఎవరూ పలకరు, ఫలానావాడి అమ్మ అంటారు. రాజులు వేయించిన శాసనాలు చదివితే బిరుదులే కనబడతాయి గానీ, ఇలా ఒక ఇల్లు కనబడదు. ఆ నలుగురూ కలిసి రాయి కొట్టేవాడి దగ్గరికి వెళ్లి, ఇలా వెయ్యి నాయనా అని చెప్పి ఉంటారు. పైగా ఆ పెట్టెను స్తూపం గర్భంలో పెట్టి మూసేస్తారు. చదివేవాళ్లెవరూ ఉండరని వాళ్లకు తెలుసు. పుణ్యం కోసం వేయించారు, మనం గుర్తుంచుకోవాలని కాదు. అయినా ఆ స్తూపం పేరెత్తితే నాకు ముందు తలపుకొచ్చేది కురుడి అమ్మే.

బౌద్ధుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. బుద్ధుణ్ణి తలపించే వస్తువులను వాళ్లు మూడు రకాలుగా విడగొట్టారు. శరీర ధాతువులు శారీరికం. ఆయన వాడినవి, ఆయన స్పర్శ సోకినవి పారిభోగికం. ఆయన్ను ఉద్దేశించి ఎవరో తయారుచేసినవి ఉద్దేశికం. ఇది కాళింగబోధి జాతకంలో ఉంది. జేతవన విహారంలో ఉండగా శిష్యుడు ఆనందుడు అడుగుతాడు, తమరు ఊళ్ల మీద తిరుగుతున్నప్పుడు జనం పూలు తెచ్చి ఎవరూ లేని గుమ్మంలో పెట్టి పోతున్నారు, తమకు బదులుగా దేనికి పూజ చెయ్యమంటారు అని. బుద్ధుడు మొదటిది పనికిరాదంటాడు, బతికి ఉండగా ధాతువులెక్కడివి? మూడోదానికి ఆధారం లేదంటాడు, అది మనసు కల్పించుకున్నదే. తాను కింద కూర్చున్న బోధివృక్షం సరిపోతుందంటాడు. అప్పుడు ఆ చెట్టు విత్తు తెప్పించి జేతవనం గుమ్మం దగ్గర నాటారు. మన అమరావతి శిల్పుల తొలినాటి పనిలో కూడా బుద్ధుడి బొమ్మ ఉండదు. ఆయన కూర్చున్న పీఠం, నడిచిన పాదాల గుర్తులు, చెట్టు. ఖాళీ పీఠం ముందు జనం మోకరిల్లి ఉంటారు.

ఈ లెక్కన షోకేసులో సరస్వతి ఉద్దేశికం, వంటింట్లో సొట్టగిన్నె పారిభోగికం. నా తీర్పు కూడా బుద్ధుడి వైపే.

రామాయణంలోనూ ఇదే ఉంది. 1948 డిసెంబరు 1న మొదలైన మన విజయవాడ రేడియో కేంద్రం నుంచి ఆదివారం మధ్యాహ్నాలు ఉషశ్రీ గారు రామాయణ భారతాలు చెబుతుంటే, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినా ఒక్క ముక్క పోకుండా వినబడేది. ప్రతి ఇంట్లోనూ అదే గొంతు. సుందరకాండ వినేవాళ్లకు ఉంగరం సంగతి అందరికీ తెలుసు. నాకు ఉంగరం కంటే చూడామణి పెద్దదనిపిస్తుంది. రాముడు పంపిన ఉంగరం హనుమంతుడు నిజంగా రాముడి దూతేనని చెప్పడానికి. దాని మీద కూడా పేరే ఉంది, గమనించండి. సీత ఇచ్చిన చూడామణి మీద పేరేమీ లేదు. కానీ దాన్ని ఇస్తూ ఆవిడ ఒక మాట చెబుతుంది. ఈ మణిని చూస్తే రాముడికి ముగ్గురు గుర్తొస్తారట: తన తల్లి, తాను, దశరథ మహారాజు. తీరా మణి చేతికందాక రాముడు అన్నదీ ఇంచుమించు అదే. పెళ్లినాడు మామగారు ఇచ్చిన నగ ఇది, దీన్ని చూస్తే ఇవాళ మా నాన్ననూ జనకుణ్ణీ చూసినట్టుంది అని ఏడుస్తాడు. ఎక్కడో లంకలో భార్య ఉందన్న కబురు వచ్చిన వేళ, చనిపోయిన తండ్రి గుర్తొచ్చాడు. వస్తువు తలుపు తీస్తే ఎవరు లోపలికి వస్తారో మన చేతిలో ఉండదు. అది తెలిసిన ఇల్లాలు సీత. అందుకే మణితో ఊరుకోక, తామిద్దరికే తెలిసిన కాకాసురుడి ముచ్చట కూడా చెప్పి పంపింది.

ఇక కంటికి కనబడని వస్తువుల మాట. మనసులో మిగిలిపోయిన ముద్రను మన శాస్త్రాలు సంస్కారం అన్నాయి, వాసన అని కూడా అన్నాయి. పూర్వజన్మ వాసన అంటాం చూశారా, అది. ముక్కుకు తగిలేదీ, మనసులో మిగిలేదీ ఒకే మాట కావడం ఊరికే జరగలేదు. ముక్కు నుంచి వెళ్లే కబురు, మిగతా ఇంద్రియాల కబురులా చుట్టు తిరిగి కాకుండా, మెదడులో భావోద్వేగాలూ జ్ఞాపకాలూ ఉండే చోటికి దగ్గరి దారిన పోతుందని ఇప్పటి శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. తొలకరి చినుకు పడ్డప్పుడు లేచే మట్టివాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇద్దరు పెట్రికోర్ అని పేరు పెట్టారు. మన కన్నౌజ్ అత్తరు వ్యాపారులు అప్పటికే ఆ వాసనను చందనం నూనెలోకి దింపి సీసాల్లో అమ్ముతున్నారు.

నన్ను అడిగితే మా ప్రాంతపు వాసన ఉలవలది. ఎద్దులున్న ఇళ్లలో సాయంత్రం పూట పెద్ద కాగులో ఉలవలు ఉడికేవి. ఉడికిన గుగ్గిళ్లు ఎద్దులకు. వార్చిన కట్టు మనుషులకు. ఆ కట్టులో చింతపండు పులుసు పోసి, ఉల్లిపాయలు వేసి, పొయ్యి మీద మరగనిచ్చి మరగనిచ్చి, నల్లగా చిక్కపడ్డాక ఇంగువ తాలింపు వేసేవాళ్లు. వేడన్నంలో పోసుకుని పైన ఇంత వెన్నపూస. ఎద్దు తిన్నాకే మనిషికి వచ్చిన వంటకం ఇది. ఇవాళ ఎద్దులు లేవు. ఉలవచారు మాత్రం పెళ్లి విందులో తప్పనిసరి. విజయవాడ హోటళ్లలో ఉలవచారు బిర్యానీ అని కూడా అమ్ముతున్నారు, దాని జోలికి నేను పోను. పెళ్లి పందిట్లో విస్తరి ముందు కూర్చున్న పెద్దాయన ఒకాయన ఉలవచారు వడ్డించగానే, మైలవాడూ పుల్లవాడూ ఉండేవాళ్లు కదయ్యా అన్నాడు. పక్కన కూర్చున్న కుర్రాడు, ఎవరు తాతయ్యా, పాలేర్లా అని అడిగాడు. అవి ఎద్దులు.

వాత్స్యాయనుడి ఒర, కత్తి గుర్తుందా? మా వీధిలో పాత కొట్టాలు ఇంకా ఉన్నాయి. ఒర ఉంది, కత్తి లేదు. సిమెంటు గాడిలో పాత టైర్లూ గ్యాసు పొయ్యి పెట్టెలూ వేసుకున్నారు. కట్టుకొయ్యకు మోటారు సైకిలు గొలుసు కట్టుకుంటున్నారు. దాలిగుంటలు పూడ్చేశారు. దాలి అంటే ఈ తరానికి తెలియదు కాబట్టి చెబుతాను: గుంటలో పిడకలు రాజేసి, దాని మీద పాలకుండ పెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సన్నసెగన కాచడం. పాలు ఎర్రబడి, పైన మీగడ అట్టులా కట్టేది. వస్తువు పోయాక ఇంక పేరే మిగులుతుంది. నా ఈడువాళ్ల దగ్గర దాలి అని ఒక్క మాట అనండి, నోరూరుతుంది. మాటకు కూడా వాడకం వల్ల ఆ గుణం వస్తుంది. వినీ వినీ, అనీ అనీ అరిగిన మాటే జ్ఞాపకాన్ని లేపగలదు. నిఘంటువులో చూసి తెలుసుకున్నవాడికి దాలి ఒక గుంట, అంతే.

రేడియో కూడా అంతే కదా. తెల్లవారుజామున కార్యక్రమాలు మొదలయ్యే ముందు తంబురా శ్రుతి మీద వయొలిన్ వాయిద్యం ఒకటి వస్తుంది, ఆకాశవాణి గుర్తింపు ధ్వని. దాన్ని కట్టినాయన వాల్టర్ కాఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడు. చెక్ దేశం వైపు నుంచి హిట్లర్ కాలంలో ప్రాణాలు అరచేత పట్టుకుని బొంబాయి వచ్చి, అక్కడి రేడియో కేంద్రంలో పనిచేశాడు. ఇల్లూ దేశమూ విడిచి వచ్చినవాడు ఏ తలపుతో ఆ స్వరాలు కూర్చాడో గానీ, అది వింటే మా ఇంటివాళ్లకు తలపుకొచ్చేవి పళ్లపొడి, ఇత్తడి చెంబులో వేన్నీళ్లు, కాఫీ డికాక్షను, ఆ వెంటనే వచ్చే భక్తిరంజని. ఆయన పాటకూ మా పళ్లపొడికీ ఏమిటి సంబంధం? ఏమీ లేదు. రోజూ ఒకే వేళ కలిసి వచ్చాయి, అదే సంబంధం.

మా ఊరు ఇప్పుడు విమానాశ్రయం ఊరు. రెండో ప్రపంచ యుద్ధం నాడు సైన్యం వాడుకున్న మైదానం అది. విస్తరణకు బుద్ధవరం, అజ్జంపూడి, కేసరపల్లి రైతులు పొలాలిచ్చారు. పంట వేసిన చోట ఇవాళ రన్‌వే ఉంది. అమెరికాకు చదువులకు పోయే పిల్లల్ని సాగనంపడానికి రోజూ కార్లలో జనం వస్తారు. మొన్నామధ్య నేను ఎవరినో దింపడానికి వెళ్తే, గుమ్మం పక్కన నేల మీదే పెట్టె తెరిచి ఒక కుటుంబం తంటాలు పడుతోంది. పెట్టెకు ఇరవై మూడు కిలోలు దాటకూడదు, ఇంటి దగ్గర తూచిందానికీ ఇక్కడికీ తేడా వచ్చింది. కుర్రాడు స్టీలు డబ్బా ఒకటి పైకి తీశాడు. మూత మీద చుక్కల అక్షరాలు.

“ఇదొక్కటే కిలో ఉంటుందమ్మా. అక్కడ డబ్బాలు దొరకవా?”

“దొరక్కేం. మీ అమ్మమ్మ పేరున్నవి దొరుకుతాయా?”

“ఆవకాయకి పేరెందుకమ్మా?”

వాళ్ల నాన్న మధ్యలోకి వచ్చాడు. ఎవరి మాటా పడిపోకుండా, రెండు ప్లాస్టిక్ కవర్లు తెప్పించి, ఆవకాయ అందులోకి దింపించి, రబ్బరు బ్యాండ్లు వేయించాడు. ఆవకాయ విమానం ఎక్కింది. డబ్బా నేను ఎక్కిన బస్సులోనే విజయవాడ వైపు వచ్చింది, ఆవిడ ఒళ్లో, నూనె కారకుండా కింద పేపరు వేసుకుని. రామవరప్పాడు రింగు దాటేదాకా ఆవిడా ఆయనా, అంత చిన్న డబ్బాకు కిలో ఎక్కడిదని వాదించుకుంటూనే ఉన్నారు.